బొంత కుట్టిన చేతికి ముందు కూలి, ఆ తర్వాతే బహుమానం

ఇంటి చీరలిచ్చి బొంతలు కుట్టించుకునే గృహస్థులకు, చేతికుట్టు బొంతలు తయారుచేయించి అమ్మే దుకాణాల యజమానులకు, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ కార్మిక శాఖల అధికారులకు

అయ్యా, అమ్మా,

నిజామాబాద్‌లో మా వీధిలోనూ, దాని పక్క వీధుల్లోనూ ఇంటి పట్టున ఉండి బొంతలు కుట్టే మహిళలకు లెక్కలు రాసిపెట్టేది నేనే. ఎవరింటి నుంచి ఎన్ని చీరలు వచ్చాయి, ఎవరు ఎంత బయానా ఇచ్చారు, ఎవరు ఇంకా ఎంత బాకీ ఉన్నారు అన్న సంగతులన్నీ ఒక పొడుగాటి పుస్తకంలో ఉంటాయి. ఆ పుస్తకం తిరగేసిన ప్రతిసారీ ఒక విషయం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. కొలత ఒకటే అయినా, కుట్టు ఒకటే అయినా, కుట్టిన చెయ్యీ ఒకటే అయినా, ఒక ఇంటివారు ఇచ్చినదానికీ మరో ఇంటివారు ఇచ్చినదానికీ పొంతన ఉండదు. కూలి పనిని బట్టి కాక ఇచ్చేవారి మనసును బట్టి తేలుతోంది. మనసు కుదిరితే పైన యాభయ్యో వందో ఇస్తారు, కుదరకపోతే ఒప్పుకున్నదాంట్లోనే కోత పెడతారు. బొంత కూలికి ఒక కొలత ఉండాలని, ఆ కూలి పూర్తిగా ముట్టజెప్పిన తర్వాతే బహుమానం ప్రసక్తి రావాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

పని ఎంతో తెలియకుండా కూలి ఎంతో తేలదు గనుక ముందు పని సంగతి చెప్పనివ్వండి. మామూలు బొంతకు నాలుగైదు నూలు చీరలు పడతాయి. ఇళ్ల నుంచి వచ్చేవి చాలావరకు ఏళ్ల తరబడి బీరువా అడుగున పడి ఉన్న చీరలు. వాటిని నానబెట్టి, గంజి వదిలేలా ఉతికి ఆరేయాలి. జరీ అంచులో సూది దిగదు, దిగినా దారం తెగుతుంది కాబట్టి ఆ అంచులను విప్పి పక్కన పెట్టాలి. చినిగిన చోట మాసిక వేయాలి. తర్వాత నేల మీద అడుగు చీర పరిచి, దాని మీద ఒక్కొక్క పొరా ముడత లేకుండా సర్ది, కదలకుండా నాలుగు మూలలా ఇటుకలు పెట్టి, పొరలన్నీ కలిసి ఉండేలా దూరం దూరంగా టాకాలు వేసుకోవాలి. అసలు కుట్టు అప్పుడు మొదలవుతుంది. ఈ మధ్య నూలు చీరలతో పాటు సింథటిక్ చీరలు కూడా ఇస్తున్నారు. అవి సూది కింద జారిపోతాయి, ఒక పొర లాగితే ఇంకో పొర ఉబ్బుతుంది, కుట్టిన వరుసనే విప్పి మళ్లీ కుట్టవలసి వస్తుంది. వేలికి గుడ్డ పేలిక చుట్టుకున్నా సాయంత్రానికి వేలి కొస నిండా సూదిపోట్లే.

ఐదడుగుల వెడల్పు, ఏడడుగుల పొడవు ఉన్న బొంతను తీసుకుందాం. వరుసకూ వరుసకూ మధ్య అంగుళం ఎడం ఉంటే 60 వరుసలు వస్తాయి. ఒక్కో వరుస 7 అడుగులు కాబట్టి కుట్టు పొడవు మొత్తం 420 అడుగులు, అంటే దాదాపు 128 మీటర్లు. అంగుళానికి నాలుగు కుట్ల చొప్పున చూసినా 20,000 పైచిలుకు కుట్లు. రెండు పేటల దారంతో కుడతారు, పొరల్లోకి దిగి పైకి వచ్చేటప్పుడు కొంత దారం అందులోనే పోతుంది, కాబట్టి ఒక్క బొంతకే 300 మీటర్లకు దగ్గరగా దారం కావాలి. చెయ్యి తిరిగిన మనిషికి ఏడడుగుల వరుస పూర్తి కావడానికి ఇరవై నిమిషాలు పడుతుంది. 60 వరుసలకు 20 గంటలు. ఉతకడం, అంచులు విప్పడం, పరచడం, టాకాలు వేయడం, చివర అంచు మడిచి కుట్టడం, ఇవన్నీ కలిపి మరో ఆరు గంటలు. మొత్తం 26 గంటలు. అవి కూడా వరుసగా దొరికే గంటలు కావు. వంట, నీళ్లు, పిల్లల బడి, ముసలివాళ్ల మందులు చూసుకుంటూ పది రోజుల మీద కూడబెట్టుకునే గంటలు.

మా వైపు ఇంత పనికి చాలా ఇళ్ల నుంచి వచ్చే కూలి 400, 500 రూపాయలకు మించడం లేదు. దారం, సూదులు కూడా తరచుగా కుట్టేవారివే. గంటకు ఇరవై రూపాయలు కూడా గిట్టడం లేదన్నమాట. ఉపాధి హామీ పనికి 2025-26లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ నిర్ణయించిన రోజు కూలి 307 రూపాయలు. అది గొప్ప కూలి అని ఎవరూ అనరు. దాన్నే కొలతగా పెట్టుకుని రోజుకు ఎనిమిది గంటల చొప్పున లెక్కించినా గంటకు 38 రూపాయల పైన పడుతుంది, 26 గంటలకు దాదాపు వెయ్యి రూపాయలవుతుంది. తట్ట మోసే పనికి ప్రభుత్వం కట్టిన వెలలో సగం దక్కడమే ఈ చేతిపనికి కష్టంగా ఉంది.

ఈ లెక్క ఎవరి ముందు పెట్టినా వచ్చే జవాబు ఒకటుంది. ‘ఇంట్లో ఖాళీగా ఉన్నప్పుడు కుట్టుకునే పనే కదా, దానికి గంటల లెక్క ఏమిటి’ అంటారు. ఈ మాట మన ప్రాంతంలో కొత్తది కాదు. 1970ల చివర్లో జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ పశ్చిమ గోదావరి జిల్లా నర్సాపురం ప్రాంతంలో లేసు అల్లే మహిళల మీద పరిశోధన చేశారు. విదేశాలకు ఎగుమతయ్యే సరుకు తయారుచేస్తున్న ఆ మహిళలను చుట్టూ ఉన్నవారు కార్మికులుగా కాక, తీరిక వేళల్లో ఏదో అల్లుకునే గృహిణులుగానే చూస్తున్నారని, కూలి అంత తక్కువగా ఉండడానికి ఆ చూపే ఆసరా అవుతోందని ఆమె చూపించారు. ఆ లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సరుకుకు గుర్తింపు రావడానికే ఇన్నేళ్లు పట్టిందంటే అల్లిన చేతికి, కుట్టిన చేతికి ఎప్పటికి వస్తుందోనని దిగులు కలుగుతుంది. ఖాళీ సమయం అన్నది నిజంగా ఉంటే అది ఆ మనిషి విశ్రాంతి సమయం. దాన్ని మనం కొనుక్కుంటున్నప్పుడు వెల తగ్గడానికి కారణమేమీ లేదు, కాస్త పెరిగినా న్యాయమే.

ఇక పైన ఇచ్చే డబ్బు విషయం. హోటల్లో అయితే టిప్పు, మా వైపు ఇళ్లలో చాయ్ పైసలు, పండగ పూట అయితే చీర, రవికె గుడ్డ. ప్రేమగా పెట్టే చీరను కాదనే మనిషి ఎవరూ ఉండరు, నేనూ కాదనను. నా అభ్యంతరమల్లా అది కూలి స్థానంలోకి వచ్చి కూర్చోవడం మీదే. ఐదు వందలు అడిగితే నాలుగు వందలకు బేరమాడి, బొంత చేతికొచ్చాక చాలా బాగా కుదిరిందని మెచ్చుకుని యాభై రూపాయలు చేతిలో పెట్టేవారు ఎందరో ఉన్నారు. లెక్క ప్రకారం అడిగినదానికి ఇంకా యాభై తక్కువే. అయినా ఇచ్చినవారికి దానం చేసిన తృప్తి దక్కుతుంది, తన కూలిలోనే యాభై పోగొట్టుకున్న మనిషి మాత్రం దండం పెట్టవలసి వస్తుంది. అదీగాక, కూలి ముందే తెలిస్తే కిరాణా దుకాణంలో ఫలానా రోజు కడతానని చెప్పుకోవచ్చు, చీటీపాట కట్టవచ్చు. బహుమానం వస్తుందో రాదో, వస్తే ఎంతో తెలియదు కాబట్టి దాని మీద ఏ లెక్కా నిలవదు.

బయటివారికి కనబడని చిక్కు ఇంకొకటుంది. పెళ్లిళ్ల రోజుల్లో, చలి ముదిరే ముందు పని ఎక్కువగా వచ్చినప్పుడు ఒక్కో బొంత చుట్టూ ముగ్గురు కూర్చుని కుడతారు. ఒకరు ఇరవై ఐదు వరుసలు, ఒకరు ఇరవై, ఒకరు పదిహేను కుడితే కూలిని ఆ లెక్కనే పంచుకుంటారు, అందులో ఎప్పుడూ తగవు లేదు. తగవు వచ్చేదల్లా చాయ్ పైసల దగ్గరే. బొంత తీసుకువెళ్లి ఇచ్చిన మనిషి చేతిలో ఇంటావిడ వంద పెట్టి ‘ఇది నీకు’ అంటుంది. అది ఆమెకేనా, ముగ్గురికా, ఉతికి ఆరేసిన ముసలామెకు కూడానా? ఈ ప్రశ్న మీద నెల రోజులు మాట్లాడుకోని తోడికోడళ్లను చూశాను. మీరు నిజంగా బహుమానం ఇవ్వదలిస్తే ‘కుట్టినవాళ్లందరికీ’ అన్న ఒక్క మాట కలిపి ఇవ్వండి.

బహుమానానికి తగిన సందర్భాలు లేకపోలేదు. చనిపోయిన తల్లి చీరలన్నీ తెచ్చి బొంత కుట్టమని అడిగినప్పుడు, ఎవరూ చెప్పకుండానే ఆ తల్లికి ఇష్టమైన చీర కొంగులోని నెమలి సరిగ్గా నడిమధ్యకు వచ్చేలా పొర సర్దిన చేతికి మీరు ఏమిచ్చినా సరే. అది మీకూ ఆమెకూ మధ్య సంగతి. కానీ బారసాల మూడు రోజుల్లో ఉందని తొందరపెట్టి, రాత్రి లైటు కింద కుట్టించుకుని, పైన వంద ఇవ్వడం బహుమానం కాదు. తొందర పనికి అదనపు కూలి ముందే మాట్లాడుకోవాలి. ఉతకని చీరలిస్తే ఉతికినందుకు, జరీ అంచులు విప్పవలసి వస్తే విప్పినందుకు, సింథటిక్ పొరలిస్తే పట్టే ఎక్కువ సమయానికి కూడా అంతే.

గృహస్థులకు నేను సూచించేది కష్టమైన పద్ధతేమీ కాదు. గోడకు రంగు వేసే మేస్త్రీతో చదరపు అడుగు లెక్కన మాట్లాడుకున్నట్టే బొంతకు వరుస లెక్కన మాట్లాడుకోండి. పైన చెప్పిన 307 రూపాయల కొలత ప్రకారం ఏడడుగుల వరుసకు 13 రూపాయలు పడుతుంది. 60 వరుసలకు 780, ముందు వెనకల ఆరు గంటల పనికి 230, మొత్తం 1,010 రూపాయలు. దారం వేరు. అంత పెట్టుకోలేని ఇళ్లు ఉన్నాయని నాకు తెలుసు, వారు ఎడం పెంచమని అడగవచ్చు. రెండంగుళాల ఎడంతో కుడితే 30 వరుసలే కాబట్టి 620 రూపాయలతో అయిపోతుంది. బొంత కొంచెం వదులుగా ఉంటుంది, కప్పుకోవడానికి లోటేమీ ఉండదు. డబ్బు తగ్గితే కుట్టు తగ్గాలి తప్ప, కుట్టు అంతే ఉండి కూలి మాత్రమే తగ్గకూడదు. ఇంకొక చిన్న మాట: కూలిలో సగం చీరలిచ్చేటప్పుడే ఇవ్వండి. నెలల తరబడి తీసుకువెళ్లని బొంతలు కుట్టినవారి ఇళ్లలో చాపల మీద పేరుకుపోతుంటాయి.

బజారులో ఆరు వందలకే మెత్తటి రజాయి దొరుకుతుంటే వెయ్యి ఎందుకు పెట్టాలని అడిగేవారికి నా దగ్గర వాదన లేదు. రజాయి కావలసినవారు నిశ్చింతగా అదే కొనుక్కోవచ్చు. యంత్రం మీద నిమిషాల్లో తయారైన వస్తువు వెలను చూపించి, 26 గంటలు కూర్చుని కుట్టిన మనిషి కూలిని తగ్గించమనడమే సబబు కాదు. వరుస లెక్క పెడితే కొన్ని ఆర్డర్లు పోతాయని కుట్టేవారిలోనే కొందరు భయపడుతున్నారు. ఆ భయం ఉత్తదని నేను అనను, కొన్ని పోతాయి. నష్టానికి కుట్టే పది బొంతల కంటే గిట్టే ఆరు బొంతలు మేలని వారికి చెబుతూనే ఉన్నాను, అందరూ ఒప్పుకోలేదు.

దుకాణదారులారా, మీ సంగతి వేరు. గృహస్థులు తాము కప్పుకోవడానికి కుట్టించుకుంటారు, మీరు అమ్ముకోవడానికి కుట్టిస్తారు. ఈ తేడాను చట్టం ఏనాడో గుర్తించింది. ఒకరి వ్యాపారం కోసం, అమ్మకం కోసం ఇచ్చిన సామగ్రిని తన ఇంట్లో కూర్చుని కుట్టి, అలంకరించి, తయారుచేసి ఇచ్చే మనిషిని 1948 నాటి కనీస వేతనాల చట్టం ఉద్యోగి నిర్వచనంలోనే చేర్చింది. హైదరాబాద్ దర్జీ దుకాణాల కేసులో సుప్రీంకోర్టు 1973లో ఇచ్చిన తీర్పు కూడా గుర్తుచేయవలసినదే. కుట్టినదానికి లెక్కగట్టి కూలి తీసుకున్నా, అప్పుడప్పుడు గుడ్డ ఇంటికి తీసుకెళ్లి కుట్టినా ఆ దర్జీలు దుకాణంలో ఉద్యోగులేనని, పని నచ్చకపోతే తిరస్కరించి మళ్లీ కుట్టమనే హక్కు యజమానికి ఉండడమే అజమాయిషీకి గుర్తు అని కోర్టు చెప్పింది. అక్కడ కుట్టుమిషన్లు యజమానివి, ఇక్కడ సూది కుట్టేవారిదే, కాబట్టి రెండూ అచ్చంగా ఒకటేనని నేను వాదించను. తిరస్కరించే హక్కు మాత్రం మీరూ ధారాళంగానే వాడుకుంటున్నారు.

మీరు అమ్మే బొంతకు కట్టిన చీటీ మీద కుట్టిన మనిషి ఊరు ఉంటుంది, నవ్వుతున్న ఫొటో ఉంటుంది, ఆమెకు ముట్టిన కూలి మాత్రం ఉండదు. కొనేవారు మెచ్చుకుని ‘కుట్టినామెకు ఇవ్వండి’ అని పైన ఇచ్చిన డబ్బు గల్లాపెట్టె దాటి ఎంత దూరం వస్తుందో తెలుసుకునే దారి మాకు లేదు. ఆ చీటీ మీద కూలి ఎంతో అచ్చు వేయండి. అప్పుడు పైన ఏమైనా ఇవ్వాలా వద్దా అన్నది కొనేవారే తేల్చుకుంటారు. అమ్ముడుపోయాక ఇస్తామనే పద్ధతి మానండి. సరుకు నిలవ ఉంటే కలిగే నష్టం వ్యాపారం చేసేవారిది, లాభం పంచుకోని మనిషి మీద దాన్ని మోపకూడదు.

కార్మిక శాఖల అధికారులకు చెప్పవలసినది బీడీల దగ్గర మొదలుపెడతాను. నిజామాబాద్, జగిత్యాల, కరీంనగర్ వైపు పగలు బీడీలు చుట్టి, మిగిలిన వేళల్లో బొంతలు కుట్టే మహిళలు చాలామంది ఉన్నారు. మనిషి ఒకరే, గడప ఒకటే. చేటలో తునికాకు, తంబాకు ఉన్నంతసేపు ఆమె చట్టం దృష్టిలో కార్మికురాలు. వెయ్యి బీడీలకు ఇంత అన్న రేటు ఉంది, గుర్తింపు కార్డు ఉంది, పీఎఫ్ ఉంది, తెలంగాణలో ప్రభుత్వ పింఛన్ల పథకం కింద బీడీ కార్మికులకు నెలకు 2,016 రూపాయల జీవన భృతి కూడా ఉంది. ఇంటి దగ్గర చుట్టేవారిని కూడా పరిధిలోకి తెచ్చిన 1966 నాటి బీడీ కార్మికుల చట్టం వల్ల, దాని కోసం దశాబ్దాల పాటు జరిగిన పోరాటాల వల్ల ఇది సాధ్యమైంది. చేట పక్కన పెట్టి సూది పట్టుకున్న మరుక్షణం ఇవేవీ ఆమెకు వర్తించవు. ఊపిరితిత్తుల్లోకి తంబాకు దుమ్ము పోయే పనికి ఉన్న రక్షణ, ఇంటికి వెచ్చదనం ఇచ్చే పనికి లేకపోవడం చూస్తే ఒక్కోసారి నవ్వాలో ఏడవాలో తెలియదు.

ఇంటి దగ్గర పనిచేసేవారిని 2008 నాటి అసంఘటిత కార్మికుల సామాజిక భద్రత చట్టం పేరు పెట్టి గుర్తించింది. అసంఘటిత కార్మికుల పేర్లు నమోదుచేసే ఈ-శ్రమ్ పోర్టల్ 2021లో మొదలైంది. అందులో మా వీధి మహిళలు నమోదు చేసుకున్నారు, కార్డులూ వచ్చాయి. అయితే ఆ కార్డు కూలి రేటును చెప్పదు. ఇంటి దగ్గర ఉండి చేసే కూలి పని మీద అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో చేసిన 177వ ఒడంబడికను మన దేశం ఇప్పటికీ ఆమోదించలేదు. 2025 నవంబర్ 21 నుంచి వేతనాల కోడ్ అనే కొత్త కేంద్ర చట్టం అమల్లోకి వచ్చి 1948 నాటి కనీస వేతనాల చట్టం స్థానాన్ని తీసుకుంది. పాత చట్టంలో ఇంటికి పని తీసుకెళ్లేవారి గురించి విడిగా ఉన్న ఆ మాట కొత్త కోడ్‌లోని ఉద్యోగి నిర్వచనంలో లేదు. పని లెక్కన కూలికి కనీస రేటు నిర్ణయించే అధికారం మాత్రం ప్రభుత్వాలకు అలాగే ఉంది. కాబట్టి వ్యాపారుల కోసం ఇంట్లో కుట్టేవారు ఈ కోడ్ పరిధిలోకి వస్తారని మీ నియమాల్లో స్పష్టంగా రాయండి. చేతికుట్టు బొంతలకు కుట్టు పొడవును బట్టి, పొరల సంఖ్యను బట్టి కనీస రేటు నిర్ణయించండి. అది రోజు కనీస వేతనానికి తగ్గకుండా ఉండాలి. రేటు నిర్ణయించే ముందు అనుభవం ఉన్న ముగ్గురు నలుగురిని కూర్చోబెట్టి, గడియారం ఎదురుగా పెట్టుకుని ఒక బొంత కుట్టించి చూడండి. నా 26 గంటలు ఎక్కువని తేలితే సరిదిద్దుకుంటాము.

ఇలాంటిది జరగదని అనుకోవద్దు. ఇలా భట్ అనే కార్మిక నాయకురాలు 1972లో అహ్మదాబాద్‌లో స్థాపించిన ‘సేవా’ (స్వయం ఉపాధి మహిళల సంఘం)లో, మిల్లుల్లో మిగిలే చిందీ గుడ్డ ముక్కలతో రజాయి గలేబులు కుట్టే మహిళలు 1970ల చివర్లో చేరి, కూలి పెంచాలని వ్యాపారులను నిలదీశారు. వ్యాపారులు పని ఇవ్వడం ఆపేస్తే సొంతంగా సహకార సంఘం పెట్టుకుని కుట్టి అమ్మారు. మన దగ్గర మహిళా పొదుపు సంఘాలు ఊరూరా ఉన్నాయి. కొలతలు రాసుకుని, రసీదు ఇచ్చి, ఆర్డర్లు తీసుకునే పని వాటి ద్వారా జరిగితే ఇంటింటికీ బేరమాడే అవస్థ తప్పుతుంది.

చివరిగా తిరస్కరించిన సరుకు సంగతి. 2025 నవంబర్‌లో కొత్త కోడ్‌లు వచ్చేదాకా అమల్లో ఉన్న 1966 నాటి బీడీ చట్టంలోని 39వ సెక్షన్ ప్రకారం యజమాని ఇచ్చిన ముడిసరుకు మీద, అతను తిరస్కరించిన బీడీల మీద, వాటికి కూలి చెల్లింపు మీద తగాదా వస్తే పరిష్కరించడానికి ప్రభుత్వం నియమించిన అధికారి ఉండేవాడు. బొంత రంగు నచ్చలేదనో, కొనేవారు మనసు మార్చుకున్నారనో దుకాణం తిప్పి పంపితే మా మహిళలు వెళ్లి చెప్పుకోవడానికి ఏ చోటూ లేదు, కూలి పోవడమే కాక కొన్నిసార్లు గుడ్డ ఖరీదు కూడా వారి నెత్తినే పడుతోంది. రేటు నిర్ణయించడానికి మీకు సమయం పట్టవచ్చు, అప్పటిదాకా ఆగగలం. ఈ తగాదాలు వినే బాధ్యతను మాత్రం ప్రతి జిల్లాలో ఉన్న సహాయ కార్మిక అధికారికి ఒక్క ఉత్తర్వుతో అప్పగించవచ్చు. కుట్టు లోపం ఉంటే సరిచేసి ఇవ్వడానికి గడువు ఇవ్వాలని, లోపం లేకుండా తిప్పి పంపితే కూలి పూర్తిగా చెల్లించాలని ఆ ఉత్తర్వులో రాయమని కోరుతున్నాను.

ఇట్లు,
బొంతలు కుట్టే మహిళల లెక్కలు చూసే ఒక పౌరురాలు,
నిజామాబాద్